ఆమెన్ తర్వాత ఇరవై నిమిషాలు



ఈ వారం తిండి గురించి రాస్తున్నాము. ఏమి తినాలన్నది కాదు, ఎంతసేపు తినాలన్నది. ఈ మధ్య మన ప్రార్థన మనవుల్లో బరువు, షుగరు, మోకాళ్ళ నొప్పులు ఈ మూడే ఎక్కువగా వినబడుతున్నాయి. వాటి వెనకే వాట్సాప్‌లో వీడియోలూ వస్తున్నాయి. ముద్దను ముప్పై రెండుసార్లు నమలండి, నెల తిరిగేసరికి ఇన్ని కిలోలు తగ్గుతారు అని. ఆ మాటలో నిజం లేకపోలేదు. అయితే నెమ్మదిగా తినాలంటే ముందు తీరిక కావాలి. ఆ తీరిక ఎవరికి ఉన్నది, ఎవరికి లేదు, లేనివారికి దాన్ని ఎవరు ఇవ్వాలి అన్న సంగతి ఆ వీడియోల్లో ఎవరూ మాట్లాడడం లేదు. మేము మాట్లాడదలచుకొన్నది అదే.

ఊళ్ళో ఉన్నవారి కోసం ఒక మాట. మోతీనగర్ హైదరాబాదులో ఎర్రగడ్డకూ బోరబండకూ ఆనుకొని ఉంటుంది. ఒక పక్క సనత్‌నగర్ ఫ్యాక్టరీలు. మరో దిక్కుగా కొంచెం దూరం పోతే యూసుఫ్‌గూడ, కృష్ణానగర్, ఆ పైన జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్. 1976లో అక్కినేని నాగేశ్వరరావు గారు తన భార్య పేరున అన్నపూర్ణ స్టూడియోస్ తెరిచారు. తర్వాత పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు లేచాయి. మద్రాసులో ఉన్న తెలుగు సినిమా కొంచెం కొంచెంగా ఈ గుట్టల మీదికి చేరింది. సినిమా వెనకాలే మన జిల్లాల పిల్లలూ చేరారు. మన కుటుంబాల్లోనే చూడండి. ఒకరు లైట్లు మోస్తారు, ఒకరు ప్రొడక్షన్ వ్యాను తోలతారు, కొందరు జూనియర్ ఆర్టిస్టులుగా పోతారు, ఇంకొందరు సహోదరీలు జూబ్లీహిల్స్ ఇళ్ళలో వంటకూ పనికీ పోతారు.

లైట్లు మోసే ఒక తమ్ముణ్ణి భోజనం సంగతి అడిగితే అతను అన్న మాట ఇది. "అయ్యగారూ, యూనిట్‌లో తిండికి లోటు లేదండీ. కోడికూర, చేపలు, పెరుగు, స్వీటు అన్నీ పెడతారండీ. తినే టైముకే లోటండీ. షాట్ రెడీ అని కేక వినబడిందంటే నోట్లో ముద్ద నోట్లోనే ఉంటది." మూడు ఇళ్ళలో వంట చేసే ఒక సహోదరి సంగతి ఇంకోలా ఉంది. పొద్దున్న ఆరింటికి టీ తాగి బయలుదేరుతుంది. మూడో ఇంట్లో పదకొండు గంటలకు ఇంత ఉప్మా పెడతారు, అది స్టవ్ పక్కన నిలబడి నాలుగు నిమిషాల్లో తినేస్తుంది. మధ్యాహ్నం ఇంటికి వచ్చి తన ఇంటి వంట మొదలుపెడుతుంది. కూర్చొని కడుపునిండా తినేది రాత్రి తొమ్మిదిన్నరకే. అప్పటికి ఆకలి కట్టలు తెంచుకొని ఉంటుంది గనుక, ఆ అన్నం కూడా గబగబానే. డాక్టరు ఆమెకు బరువు తగ్గమన్నాడు. నెమ్మదిగా తినమని కూడా అన్నాడట. ఎప్పుడు తినాలో ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు.

మన దేశపు చట్టానికి ఈ సంగతి ఎన్నడో తెలుసు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 55వ సెక్షన్‌లో, పనివానిచేత విరామం లేకుండా ఐదు గంటలకు మించి పని చేయించకూడదనీ, మధ్యలో కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలనీ రాశారు. సనత్‌నగర్‌లో గేటు లోపల యంత్రం దగ్గర నిలబడేవానికి ఆ అరగంట చట్టం ఇచ్చింది. ఇళ్ళల్లో పనిచేసే సహోదరికి ఆ అరగంట ఎవరూ రాసి ఇవ్వలేదు. బైకు మీద ఇతరుల భోజనం మోసుకొని పోయే పిల్లవాడికీ అంతే. వాడి వీపున వేడివేడి బిరియానీ ఉంటుంది, వాడి కడుపులో టీ, సమోసా ఉంటాయి.

ఇక ఆ గుట్ట మీద బరువు అంటే ఏమిటో కూడా కొంచెం చెప్పుకోవాలి. అక్కడ శరీరమే పెట్టుబడి. లావయ్యారంటే వేషం పోతుంది. నువ్వు నాకు నచ్చావ్ సినిమాతో 2001లో ఇంటింటికీ పరిచయమైన ఆర్తి అగర్వాల్ గారు 2015 జూన్‌లో అమెరికాలో కన్నుమూశారు. 31 ఏళ్ళు. అంతకు కొన్ని వారాల ముందు కొవ్వు తీయించుకొనే ఆపరేషన్ చేయించుకొన్నారని అప్పుడు పత్రికలన్నీ రాశాయి. మరణానికి కారణం అదేనని మేము చెప్పడం లేదు, అది మనం తీర్పు తీర్చవలసిన సంగతి కాదు. ఆ వయస్సులో ఒక ఆడబిడ్డ తన ఒంటిని అంత భారంగా మోయవలసి వచ్చిందే అన్నదే మా బాధ. అదే ఏడాది నవంబరులో సైజ్ జీరో అనే సినిమా వచ్చింది. త్వరగా సన్నబడే దొంగదారుల మీద తీసిన కథ అది. అందులో వేషం కోసం అనుష్క గారు నిజంగానే లావయ్యారు. ఫిల్మ్‌నగర్ ఆ సంగతిని అర్థం చేసుకోక కాదు. అర్థం చేసుకొన్నా అలవాటు మారడం కష్టం.

మన సంగతికి వస్తే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం మంది, తెలంగాణలో 30 శాతం మంది అధిక బరువుతో ఉన్నారు. దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరు ఉన్నదని భారత వైద్య పరిశోధన మండలి సహాయంతో జరిగిన పెద్ద అధ్యయనం 2023లో తేల్చింది. ఇంత మందినీ తిండిపోతులని ఒక్క మాటతో కొట్టివేసే ప్రసంగాలు మేము విన్నాము. వినడానికి కూడా మాకు ఇష్టం లేదు. మన ప్రభువునే తిండిపోతు అని నిందించారని మత్తయి 11వ అధ్యాయంలో ఉన్నది గదా. లావుగా ఉన్న ప్రతివాడూ ఆబగా తినడు. సన్నగా ఉన్నవాడు నెమ్మదిగానూ తినడు. ఒంటి తీరు, మందులు, నిద్రలేమి, కాన్పులు ఎన్నో కారణాలు. బైబిల్లో ఒళ్ళు బరువని పేరు పెట్టి చెప్పిన వారిలో యాజకుడైన ఏలీ ఒకడు. సమూయేలు మొదటి గ్రంథంలో చూడండి. ఇతరుల తిండి మీద అదేపనిగా ప్రసంగించే సేవకులు ఏలీ మీద మాత్రం ఎందుకో తక్కువ ప్రసంగిస్తారు. ఇంటింటా "అయ్యగారూ, ఇంకొంచెం" అని వడ్డించే చేతులున్న పరిచర్య మనది.

అయితే వేగం సంగతి వేరు. అందులో నిజముంది, దేవుడు మన దేహాన్ని చేసిన తీరులోనే ఆ నిజముంది. కడుపులో అన్నం పడగానే చాలు అన్న కబురు తలకు చేరదు. కడుపు సాగాలి, అన్నం పేగుల్లోకి దిగాలి, పేగుల నుండి కొన్ని హార్మోన్లు నెత్తురులో కలవాలి, అవి మెదడుకు చెప్పాలి. ఇదంతా జరగడానికి పదిహేను ఇరవై నిమిషాలు పడుతుందని వైద్యులు చెబుతారు. ఐదు నిమిషాల్లో పళ్ళెం ఖాళీ చేసినవాడు ఆ కబురు బయలుదేరక ముందే మారు వడ్డించుకొంటాడు. ఆ కబురు తెచ్చే హార్మోన్లలో ఒకదాని పేరు జీఎల్‌పీ-1. 2025లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన బరువు తగ్గే ఇంజెక్షన్లు, మౌంజారో, వెగోవీ అనేవి, దాన్ని పోలిన మందులే. డాక్టరు చూసి రాసినవారికి వాటి అవసరం ఉంటుంది, వాడేవారిని ఎవరూ ఎగతాళి చేయవద్దు. కానీ అంత ఖరీదు పెట్టి కొనే ఆ కబురు మన పేగుల్లో రోజూ పుడుతున్నదనీ, దానికోసం ఆగడం లేదనీ తెలుసుకొంటే మంచిది.

2019లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ అనే శాస్త్రవేత్త ఇరవై మందిని నాలుగు వారాలు తమ దగ్గరే ఉంచి ఒక పరీక్ష చేశాడు. రెండు వారాలు ఫ్యాక్టరీలో తయారైన తిండి, రెండు వారాలు ఇంటి వంట లాంటి తిండి. ఎవరికి ఎంత కావాలంటే అంత తినవచ్చు. ఫ్యాక్టరీ తిండి పెట్టిన రోజుల్లో వాళ్ళు రోజుకు సుమారు 500 క్యాలరీలు ఎక్కువ తిన్నారు, అంటే దాదాపు 400 గ్రాముల వండిన అన్నంతో సమానం. రెండు వారాల్లో దాదాపు కిలో బరువు పెరిగారు. ఆ రోజుల్లో వాళ్ళు ఎక్కువ వేగంగా కూడా తిన్నారు. వేగమే మొత్తం కారణమని ఆ పరీక్ష చెప్పదు. మెత్తగా, నమిలే పని లేకుండా చేసిన తిండి గొంతు దిగడానికి ఎక్కువసేపు పట్టదన్నది మాత్రం మనందరికీ తెలుసు. పిల్లలకు రెండు నిమిషాల నూడుల్స్ పెట్టి చూడండి, ఎంతసేపట్లో ప్లేటు కడగాల్సి వస్తుందో. అదే బిడ్డకు జొన్నరొట్టె, ఆకుకూర పెట్టండి. దవడలకు పని ఉంటుంది. పని ఉన్నచోట వేగం తగ్గుతుంది.

ముప్పై రెండుసార్లు లెక్క మీద మాత్రం మాకు నమ్మకం తక్కువ. నూరేళ్ళ కిందట అమెరికాలో హోరేస్ ఫ్లెచర్ అనే ఆయన, నోట్లో ఉన్నది నీరైపోయేదాకా నమలాలని ఊరూరా ప్రచారం చేసి గొప్ప పేరు తెచ్చుకొన్నాడు. కొంతకాలం దొరలూ దొరసానులూ విందుల్లో లెక్కపెట్టుకొంటూ నమిలారు. తర్వాత ఆ మోజు పోయింది. పోక ఏం చేస్తుంది? ఎదురుగా కూర్చొన్న మనిషి మాట్లాడుతుంటే, ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది అని మనసులో లెక్కపెట్టుకొనేవాడి భోజనం ఒంటరి భోజనమే. వాడి చూపు మళ్ళీ తన ఒంటి మీదే.

వాక్యంలో తొందర భోజనాలు రెండు మాకు గుర్తుకు వస్తాయి. ఒకటి పస్కా. నడుము కట్టుకొని, చెప్పులు తొడుక్కొని, కర్ర పట్టుకొని తినమని దేవుడే చెప్పాడు, నిర్గమకాండము 12లో. ఎందుకంటే ఆ రాత్రి వాళ్ళు బానిసత్వం నుండి బయటపడాలి. రెండోది ఏశావు భోజనం. పొలం నుండి అలసి వచ్చాడు, చిక్కుడుకాయల వంటకం కోసం జ్యేష్ఠత్వం అమ్మేశాడు. తిన్నాడు, తాగాడు, లేచాడు, పోయాడు అని ఆదికాండము 25లో ఎంత త్వరగా ముగించారో చూడండి. ఏశావును మనం చాలాసార్లు తిట్టాము. కానీ అతని అలసటను కనిపెట్టి బేరం పెట్టినవాడు ఎదురుగా ఉన్నాడు గదా. ఆకలితో వచ్చిన పనివానికి తీరిక లేకుండా చేసి లాభం తీసుకొనేవాళ్ళు యాకోబు ఇంటితో అయిపోలేదు.

మన ప్రభువు దీన్ని వేరే విధంగా చూశాడు. మార్కు సువార్త 6వ అధ్యాయం 31వ వచనం తెరిచి చదువుకోండి. వచ్చేవారు పోయేవారు ఎక్కువై, శిష్యులకు అన్నం తినడానికి కూడా సందు దొరకలేదు. ప్రభువు దానిని గమనించాడు. సేవలో ఇవన్నీ మామూలే అనలేదు. కొంచెంసేపు పక్కకు వచ్చి అలసట తీర్చుకోమన్నాడు. అదే అధ్యాయంలో ఐదు వేలమందికి రొట్టెలు పంచే ముందు చేసిన మొదటి పని ఏమిటి? కూర్చోబెట్టడం. పచ్చగడ్డి మీద వందలు వందలుగా, యాభై యాభైగా బంతులు తీర్చి కూర్చోబెట్టించాడు. అద్భుతం చేసేవాడు నిలబెట్టి చేతుల్లో పెట్టినా కడుపు నిండేది. సంధ్యవేళ, నిర్జన స్థలం, అందరూ ఇళ్ళకు పోవాలి. అయినా ముందు కూర్చోండి అన్నాడు. బదరీవృక్షం కింద చావును కోరుకొన్న ఏలీయాకు కూడా దేవదూత ఒక్కసారి తినిపించి పరుగెత్తించలేదు. తిన్నాడు, పడుకొన్నాడు, మళ్ళీ లేపి తినిపించాడు.

ఇప్పుడు కొరింథుకు వద్దాము. మేము ఈ ధ్యానం రాయడానికి అసలు కారణం ఆ సంఘమే. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయం మనం బల్లారాధన రోజున చదువుతాము. 23వ వచనం నుండి మొదలుపెడతాము గనుక దాని ముందున్న గొడవ మన చెవిన పడదు. గొడవ భోజనం గురించే. సంఘంలో కొందరు ముందే వచ్చి ముందే తినేస్తున్నారు. కొందరు ఆకలితో మిగిలిపోతున్నారు, కొందరు తాగి మత్తుగా ఉంటున్నారు. ముందు వచ్చినవారు ఎవరు, ఆలస్యంగా వచ్చినవారు ఎవరు? పగటి పని తమ చేతిలో ఉన్న కలిగినవారు ముందు వచ్చారనీ, యజమాని వదిలినప్పుడే రాగల పనివారూ దాసులూ ఆలస్యంగా వచ్చారనీ వాక్య పండితులు చాలామంది చెబుతారు. వాళ్ళు వచ్చేసరికి గిన్నెలు ఖాళీ. లేనివారిని సిగ్గుపరుస్తున్నారా అని పౌలు కోపంగా అడిగాడు. ఆ సంఘంలో చాలామంది బలహీనంగా, రోగాలతో ఉండడాన్ని కూడా ఈ బల్ల దగ్గరి తీరుతోనే ముడిపెట్టాడు. ఆయన చెప్పింది షుగరు గురించి కాదు, లాగి అలా అర్థం చెప్పకూడదు. అయినా బల్ల దగ్గర తీరు తప్పితే దేహానికి కీడు అన్న మాట అపొస్తలుని నోట వచ్చిందని మరువకూడదు.

చివరికి 33వ వచనంలో ఆయన ఇచ్చిన మందు ఏమిటి? తక్కువ తినమనలేదు, ఉపవాసం ఉండమనలేదు, నమలడం లెక్కపెట్టమనలేదు. భోజనానికి కూడినప్పుడు ఒకరి కోసం ఒకరు ఆగమన్నాడు. నెమ్మదిగా తినడానికి ఇంతకంటె మంచి పద్ధతి మేము ఏ వీడియోలోనూ చూడలేదు. పక్కవాని పళ్ళెంలోకి కూర వచ్చిందా అని చూసేవాడు, ముసలమ్మకు ముల్లు తీసి చేప ముక్క పెట్టేవాడు, బిడ్డ చెప్పే బడి కబురు వినేవాడు వేగంగా తినలేడు. వాడు లెక్కపెట్టకుండానే ఇరవై నిమిషాలు గడుస్తాయి. నెమ్మది అనేది ఒక్కడు తనకు తాను తెచ్చుకొనే సుగుణమని లోకం చెబుతున్నది. బల్ల దగ్గర ఒకరికొకరు ఇచ్చుకొనేది అని వాక్యం చెబుతున్నది. మేము వాక్యం పక్షాన ఉన్నాము.

అందుకే మోతీనగర్ సహోదరులతో కొంచెం కఠినంగా మాట్లాడుతున్నాము. నెమ్మదిగా తినమని మీ భార్యకు చెప్పే ముందు, ఆమె ఎప్పుడు తింటున్నదో చూడండి. మగవాళ్ళు తింటారు, పిల్లలు తింటారు, అందరికీ వడ్డించి, పొయ్యి తుడిచి, అప్పుడు ఆమె గిన్నెల అడుగున ఉన్నది కలుపుకొని, సీరియల్ చూస్తూనో నిలబడో తింటుంది. ఇది మన ఊళ్ళోనూ ఉన్నది, మూడంతస్తుల అద్దె ఇంట్లోనూ ఉన్నది. దీన్ని మన కుటుంబాలు గౌరవమని, సంస్కారమని పిలుచుకొంటాయి. కొరింథులో పౌలు దాన్ని ఏమని పిలిచాడో పైన చెప్పాము. అన్నం గిన్నె, కూర గిన్నె, చారు, మజ్జిగ అన్నీ మధ్యలో పెట్టుకొని అందరూ ఒక్కసారే కూర్చోండి. ఎవరికి కావలసింది వాళ్ళు వేసుకోండి. రాత్రి ఒక్క పూట చాలు. ఆయన షూటింగ్ నుండి పదింటికి గానీ రాడంటారా? అప్పుడు పిల్లలతో కూర్చొని తల్లి ముందే తినాలి, ఆయన వచ్చినప్పుడు ఆయన తింటుంటే పక్కన కూర్చొని మాట్లాడాలి. ఆకలితో అర్ధరాత్రి దాకా కనిపెట్టుకొని ఉండడం భక్తి కాదు. షుగరున్న తల్లులకైతే ప్రమాదం కూడా.

మిగిలిన అన్నం సంగతి కూడా ఉంది. పారేయడానికి మనసొప్పక తల్లులు పిల్లల పళ్ళేల్లో మిగిలిన మెతుకులన్నీ తామే తినేస్తారు. అన్నం విలువ తెలిసిన చేతులవి, ఆ మనసును తప్పు పట్టము. కానీ ఐదు రొట్టెలు పంచిన తర్వాత మిగిలిన ముక్కలను ప్రభువు గంపల్లోకి ఎత్తించాడు, శిష్యుల కడుపుల్లోకి కాదు. పన్నెండు గంపలు. మోతీనగర్‌లో ఇంటికో ఫ్రిజ్ ఉంది. రేపటికి పులిహోర కలుపుకోవచ్చు, ఊళ్ళో అయితే చద్దన్నంలో మజ్జిగ పోసుకోవచ్చు.

ఇంకొకటి. మన భోజన ప్రార్థన ఎంతసేపు? ఆమెన్ అనేలోపే చెయ్యి పళ్ళెంలో ఉంటుంది. ద్వితీయోపదేశకాండము 8వ అధ్యాయం 10వ వచనం చూడండి. తిని తృప్తి పొందిన తర్వాత దేవుణ్ణి స్తుతించమని అక్కడ ఉన్నది. ఆ వచనాన్ని బట్టే యూదులు ఈ రోజుకూ భోజనం తర్వాత పెద్ద ప్రార్థన చేస్తారు. ముందు చేసే ప్రార్థన మానమని మేము చెప్పము, ప్రభువు కూడా రొట్టె విరిచే ముందు స్తోత్రం చెల్లించాడు. తర్వాత కూడా ఒకటి చేయండి. తృప్తి కలిగిందని చెప్పి స్తుతించాలంటే, తృప్తి ఎప్పుడు కలిగిందో గమనించాలి గదా. కడుపు బరువెక్కి ఆయాసం వచ్చాక చేసే స్తుతికి ఊపిరి చాలదు. తేనె దొరికినా తగినంతే తినమని సామెతలు 25లో సొలొమోను అన్నాడు. తగినంత ఎంతో కనిపెట్టడానికే ఈ రెండు ప్రార్థనల నడుమ సమయం.

ఒళ్ళు తగ్గే విషయంలో మాత్రం పెద్ద ఆశలు పెట్టవద్దు. నెమ్మదిగా తింటే కొందరు తక్కువ అన్నంతో ఆగుతారు, నెలల మీద కొంత తగ్గుతారు. కొందరికి అరుగుదల బాగుంటుంది, పొలమారడం తగ్గుతుంది, తూకం అలాగే ఉంటుంది. షుగరు మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ తీసుకొనేవారు ఎవరి మాటలు వినో పూటలు మానవద్దు, ఉపవాస ప్రార్థన పేరు మీద కూడా వద్దు, ముందు డాక్టరును అడగండి. మందు వేసుకొని తినకపోతే షుగరు పడిపోతుంది, అది ప్రాణం మీదికి వస్తుంది. ఒక్కసారిగా బరువు తగ్గుతూ దాహం, నీరసం ఉంటే అది నెమ్మదిగా తినడం వల్ల వచ్చిన ఆశీర్వాదం అనుకోకుండా పరీక్ష చేయించుకోండి.

ఇక మన ప్రేమ విందుల సంగతి. 1957 నాటి మాయాబజార్‌లో ఘటోత్కచుడు పెళ్ళివారి వంటలన్నీ ఒక్కడే ఆరగించే సన్నివేశం తెలుగువాళ్ళు ఎన్నిసార్లు చూసినా నవ్వుతారు. ఎస్.వి. రంగారావు గారి నోట్లోకి లడ్డూలు వాటంతట అవే ఎగిరి పోతుంటే మనమూ నవ్వాము. అది నవ్వులాటగా ఉండడానికి కారణం, ఎదుట బంతులు తీర్చి పెళ్ళివారంతా తినవలసిన విందును ఒక్కడే ముందుగా మింగడం. ఇప్పుడు మన పెళ్ళిళ్ళలో ఆ బంతులు లేవు. చేతిలో ప్లేటు, క్యూలో నెట్టుకోవడం, నిలబడి తినడం, కుర్చీ ఖాళీ అవుతుందేమోనని వెనక నిలబడడం. బంతి భోజనంలో అందరి ఆకుల్లోనూ పడేదాకా ఎవరూ ముద్ద ఎత్తరు, పక్కవాడు ముగించేదాకా ఎవరూ లేవరు. వేగంగా తినేవాడిక్కడ వేగం తగ్గించుకోక తప్పదు. ఆ బంతుల్లో కులం పేరున కొందరిని బయట కూర్చోబెట్టిన పాపం కూడా ఉన్నదని మన తాతలకు బాగా తెలుసు, ఆ బంతి మనకు వద్దు. అందరూ ఒకే వరుసలో కూర్చొనే బంతి కావాలి. సంఘానికి అది సాధ్యమే.

కాబట్టి వచ్చే నెల రెండో ఆదివారం మోతీనగర్‌లో కూడిక తర్వాత జరిగే ప్రేమ విందుకు బఫే టేబుళ్ళు వద్దని సంఘ పెద్దలకు చెప్పాము. మేడ మీద చాపలు పరుస్తారు. మోకాళ్ళ నొప్పులున్నవారికి బెంచీలు, వాటి ముందు బల్లలు. ఆకులు, ఆకుకూరలు ఎర్రగడ్డ రైతుబజారు నుండి తెస్తామని యౌవనస్థులు ఒప్పుకొన్నారు. అన్నం, పప్పు, గోంగూర, కోడికూర, చారు, పెరుగు, ఇంతే. ఈసారి వడ్డన మగవాళ్ళది. సహోదరీలు మొదటి బంతిలోనే కూర్చోవాలి, లేచి వంటింట్లోకి పోకూడదు. ఫోన్లు మెట్ల దగ్గర బుట్టలో. ఆదివారం షూటింగ్ ఉన్నవాళ్ళు, డ్యూటీ ఉన్నవాళ్ళు ప్యాకప్ కాగానే పెద్దలకు ఒక్క ఫోన్ చేయండి. పిల్లలకు ముందు అరటిపండ్లు పెట్టి కూర్చోబెడతాము, మీరు వచ్చేదాకా బంతి మొదలుపెట్టము. చారు మళ్ళీ వేడి చేసుకోవచ్చు.